యంత్రమును ఏమని యడుగవలయును?

(హోసూరులో జరిగిన మన యువజన సభయందు, రస్ట్ భాషలోని ట్రెయిట్లను గూర్చి చేసిన ప్రసంగ పాఠము)



మాటలాడుమని కార్యదర్శిగారు కబురంపినప్పుడు సంఘపు నిధిని గూర్చియో, వర్తకమును గూర్చియో చెప్పుమందురని తలంచితిమి. వారు కోరినది వేఱు. మన యువకులు కొందరు కూడి మన అంగళ్ళకొఱకు వ్రాసిన బిల్లు ప్రోగ్రామును గూర్చి, అందునను దాని లోపలి కట్టడమును గూర్చి, చెప్పుమనిరి. మేము మెట్రిక్యులేషను వఱకే చదివి కిరాణా కొట్టున కూర్చుండినవారము. అయినను ఈ పిల్లలు మా కొట్టు వెనుకనున్న గోదాములోనే రాత్రులు కూర్చుండి పని చేసిరి. వారి వాదములు వినక తప్పినది కాదు. వినిన పిమ్మట, బోధపడువఱకు వారిని మేము విడువలేదు. బెంగుళూరులో నుద్యోగములు చేయు పిల్లలు మన యిండ్లలో ననేకులున్నారు. వారు దినమంతయు నేమి చేయుచుందురో వారి తలిదండ్రులకు తెలియదు. ఇందులో నొక చిన్న భాగమైనను సరకుల భాషలో చెప్పవచ్చునని మాకు తోచినది.

విషయ మిది. మన పట్టణమున నొక్కొక్క యింటిలో మూడు లిపులు చదువువారున్నారు. అవ్వ తెలుగు చదువును. మనుమడు బడిలో తమిళము నేర్చెను. కోడలు సరిహద్దు కావలినుండి వచ్చినదగుటచే కన్నడము చదువును. ఖాతా పెట్టుకొని సరకు తీసికొనిపోవు కుటుంబమునకు బిల్లు చదువ వచ్చుట చిన్న సంగతి గాదు. నెలాఖరున లెక్క సరిచూచునది పెక్కు యిండ్లలో ఆ అవ్వయే. ఆమె చదువలేని బిల్లు ఆమెకు లెక్క గాదు, ఉత్త కాగితము.

ఒక నగరపు సంస్థ యమ్మిన ప్రోగ్రామును మనవారు నాలుగంగళ్ళలో పెట్టుకొనిరి. ఆ సంస్థ పేరు చెప్పవలసిన పని లేదు. కొంతకాలము తెలుగు బిల్లులు చక్కగనే వచ్చినవి. తరువాత పాత ప్రింటర్లు పాడై వేఱొక కంపెనీవి వచ్చినవి. వానిపై కందిపప్పు, చింతపండు అని యుండవలసిన చోట ప్రశ్నార్థకములు వరుసగా దిగినవి. ధరలు మాత్రము సరిగా నుండెను! అడిగినచో, "మీ ప్రింటరు మా జాబితాలో లేదు" అని ప్రత్యుత్తరము వచ్చినది. ఆ ప్రింటరుతోపాటు వచ్చిన పరీక్షా ప్రోగ్రాము దానిపై పూలకుండ బొమ్మ నొకదానిని స్పష్టముగా నచ్చువేసి చూపినది. బొమ్మ వేయగల యంత్రము అక్షరమేల వేయలేదు?

దీనికి కారణము తెలియవలెనన్నచో అచ్చుపని కొంత తెలియవలెను. వేడితో నచ్చువేయు ఈ చిన్న ప్రింటరులో ఆంగ్లాక్షరముల రూపములు ముందే పొదిగియుండును. ఒక సంఖ్య పంపిన, దానికి తగిన యక్షరము కాగితముపై పడును. తెలుగున కట్లు కుదురదు. యూనికోడులో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడియున్నవి. "లక్ష్మి" అని వ్రాయుటకు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి - ఇట్లు ఏడు సంకేతములు కావలెను. యూటీఎఫ్-8 పద్ధతిలో నవి 21 బైట్లు. ఈ యేడింటిని కూర్చి, ఒత్తుల నడుగున నమర్చి, కంటికి రెండక్షరములుగా చూపు నేర్పు ఆ చిన్న ప్రింటరులో సాధారణముగా నుండదు. కావున కంప్యూటరే అక్షరములను కూర్చి, చుక్కల బొమ్మగా మార్చి, ఆ బొమ్మను ప్రింటరునకు పంపవలయును. 80 మిల్లీమీటర్ల కాగితపు చుట్టపై అంచులు పోగా 72 మిల్లీమీటర్ల మేర అచ్చుపడును; మిల్లీమీటరునకు 8 చుక్కల వంతున అడ్డముగా 576 చుక్కలు. 58 మిల్లీమీటర్ల చుట్టయైనచో 384 చుక్కలే. అందుచేత తెలుగు బిల్లు కావలెనన్నచో ప్రింటరు నడుగవలసిన ప్రశ్న యొక్కటే: "నీవు చుక్కల బొమ్మ వేయగలవా? వేయగలిగిన, అడ్డముగా నెన్ని చుక్కలు?"

ఆ ప్రోగ్రాము ఈ ప్రశ్న నడుగలేదు. "నీవే కంపెనీ వానివి?" అని యడిగెను. ఈ కంపెనీదైన బొమ్మ పంపుము, ఆ కంపెనీదైన వేఱొక రీతిగా పంపుము, తెలియని కంపెనీదైన ఉత్త యక్షరములు పంపుము - ఇట్లు దానిలో వ్రాయబడియుండెనని మన పిల్లలు దాని నడకను పరీక్షించి తెలిసికొనిరి. అంగడిలో గుమాస్తా కావలెనన్నచో మనము "లెక్క వ్రాయుదువా? తూకము వేయుదువా?" అని యడుగుదుము. ఇంటిపేరు మాత్రము విని పని యిచ్చు షావుకారు కొన్నాళ్ళకే దివాలా తీయును. ఇంటిపేరు తెలిసిన నలుగురలో నొకడు చేతకానివాడు కావచ్చును. తెలియని యైదవవాడు బహు సమర్థుడు కావచ్చును.

ఇక ట్రెయిట్ అనగా నేమో చెప్పెదము.

ట్రెయిట్ అనునది పనుల పట్టిక. "తూకము" అను ట్రెయిట్‌లో "బరువు చెప్పుట", "సున్నకు తెచ్చుట" అను రెండు పనులుండవచ్చును. ఏ వస్తువైనను ఆ రెండు పనులను తానెట్లు చేయునో వ్రాసి యిచ్చినచో ఆ పట్టికపై సంతకము చేసినట్లు. తరువాత ప్రోగ్రాములో తూకము కావలసిన చోటనెల్ల ఆ వస్తువు చెల్లును. అది ఎలక్ట్రానిక్ కాటాయా, మఱొకటియా యన్న విచారణ లేదు. ఈ యూహ యొక్కనాడు పుట్టినది కాదు. 1989లో ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ అనువారు హాస్కెల్ భాషకొఱకు టైప్ క్లాసులను ప్రతిపాదించిరి. 2003లో స్మాల్‌టాక్ భాషపై పనిచేయుచున్న నలుగురు పండితులు ట్రెయిట్ అను పేరుతోనే యొక వ్యాసము ప్రకటించిరి. గ్రేడన్ హోర్ 2006లో తన సొంత పనిగా ఆరంభించిన రస్ట్ భాష, మొజిల్లా సంస్థ పోషణలో పెరిగి, 2015 మే 15వ తేదీన మొదటి స్థిర రూపము పొందినది. అందు పేరు ట్రెయిట్, పోలిక హాస్కెల్‌ది.

పాత పద్ధతిలో, అనగా 1979లో స్ట్రౌస్ట్రుప్ ఆరంభించి తరువాత సీ ప్లస్ ప్లస్ అని పేరొందిన భాషలో, వస్తువు పుట్టునప్పుడే తన తండ్రి యెవరో చెప్పుకొనవలెను. ట్రెయిట్‌లో నట్లు కాదు. వస్తువు పుట్టిన పిమ్మట సైతము, వేఱొకరు సైతము, దానిచేత సంతకము చేయింపవచ్చును. అయితే ఒక కట్టుబాటు గలదు: పట్టికయైనను మీదై యుండవలెను, వస్తువైనను మీదై యుండవలెను. రెండును పరులవైనచో, వారి మధ్య బేరము మీరు వ్రాయుటకు కంపైలరు ఒప్పుకొనదు. లేకున్నచో ఇద్దరు మధ్యవర్తులు ఒకే బేరమునకు రెండు పత్రములు పుట్టింతురు. ఏది చెల్లునో తేల్చుట యెవరి తరము? మండీలో నున్నవారి కీ కట్టుబాటు వెంటనే బోధపడును. కళాశాలలో చదివిన మా తమ్ముని కుమారునికి బోధపడుటకు వారము పట్టినది.

ట్రెయిట్‌ను వాడుకొనుటకు రెండు దారులున్నవి. మొదటిది: ఏ వస్తువు వచ్చునో ప్రోగ్రాము తయారగునప్పుడే తెలిసియుండుట. అప్పుడు కంపైలరు ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క నకలు వ్రాసి పెట్టును. పని వేగముగా జరుగును, ప్రోగ్రాము లావగును. రెండవది: నడుచు సమయమున గాని వస్తువు తెలియకుండుట. మన యంగడి సంగతి యిదియే. ఏ ప్రింటరు తగిలింతురో ముందుగా నెవరికి తెలియును? దీనికి రస్టులో "డిన్" అను మాట వాడుదురు. వస్తువునుగూర్చిన చిరునామాతోపాటు, అది సంతకము చేసిన పట్టిక చిరునామాయు జంటగా పోవుచుండును. ఎనిమిదేసి బైట్ల చిరునామాలు రెండు, వెరసి 16 బైట్లు. ఆ పట్టికను వీటేబుల్ అందురు. అందు వస్తువును పారవేయు విధము, దాని పరిమాణము, అమరిక, పిదప ఒక్కొక్క పని చేయు చోటు వ్రాయబడియుండును. సీ ప్లస్ ప్లస్ భాషలో నీ పట్టిక చిరునామా సాధారణముగా వస్తువు కడుపులోనే యుండును. రస్టులో మూటకు కట్టిన చీటీవలె బయట నుండును. కావున ఒకే మూటను ఒక చోటికి ఒక చీటీతో, మఱొక చోటికి వేఱొక చీటీతో పంపవచ్చును.

ఇంతవఱకు బాగుగనే యున్నది. చిక్కు ఇక వచ్చును.

మన పిల్లలు మొదట నొకే పెద్ద పట్టిక వ్రాసిరి. అక్షరము అచ్చువేయుట, బొమ్మ వేయుట, కాగితము కోయుట, గల్లాపెట్టె తెరచుట, కాగితము చుట్ట యయిపోయినదో లేదో చెప్పుట - అన్నియు నొకే ట్రెయిట్‌లో. (గల్లాపెట్టె తెరచు తీగ ప్రింటరునుండియే పోవునని మీలో ననేకులకు తెలియును.) అయితే చవుక ప్రింటరులో కోయు కత్తి యుండదు. సంతకము చేయవలెనన్నచో అన్ని పనులును వ్రాయవలెను. అప్పుడు కుఱ్ఱవాడేమి చేయును? "కోయుట" అను చోట "ఇంకను వ్రాయలేదు" అను మాట పెట్టి ముందునకు పోవును. ఆ మాట కంపైలరునకు సమ్మతమే. కాని సాయంకాలము ఎనిమిది గంటలకు, కొట్టు నిండ జనమున్నప్పుడు, ఆ కోయు పని తగిలిన క్షణమున ప్రోగ్రాము నిలిచిపోవును. చేయలేని పనికి సంతకము పెట్టించినవాడు పట్టిక వ్రాసినవాడే గాని సంతకము పెట్టినవాడు కాదు. మా తీర్పు ఇది. పిల్లలలో నిద్దరు దీని కొప్పుకొనరు.

కనుక పెద్ద పట్టికను చిన్న చిన్న పట్టికలుగా విడదీసిరి. "పరికరము" అనునది అందరికిని కావలసిన పట్టిక; అందు పేరు చెప్పుట, అక్షరము అచ్చువేయుట మాత్రమే. "బొమ్మ వేయువాడు", "కోయువాడు", "పెట్టె తెరచువాడు", "స్థితి చెప్పువాడు" అను నాలుగు వేఱుగా. ఎవరికి చేతనైనవానిపై వారు సంతకము చేయుదురు. ఇది న్యాయముగనే యున్నది. కాని తగిలించిన ప్రింటర్లనన్నింటిని "పరికరములు" అను వరుసలో నిలిపిన మీదట, ప్రోగ్రామునకు కనబడునది పరికరము చీటీ యొక్కటే. వెనుక నున్నవాడు బొమ్మ వేయగలడా లేడా యన్నది మఱుగుపడినది. ఇప్పుడు అడుగుట యెట్లు?

నడుచు సమయమున ప్రోగ్రాము తన వస్తువులనుగూర్చి తానే విచారించుకొనుటను రిఫ్లెక్షన్ అందురు. 1982లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున బ్రయన్ కాంట్వెల్ స్మిత్ దీనిపై పరిశోధన గ్రంథము వ్రాసెను. 1997లో జావా భాష 1.1 కూర్పున దీనిని పొందినది. 2009లో వెలువడిన గో భాషలోనైతే, ఒక వస్తువును చేతబట్టుకొని "ఈ పనులు నీకు చేతనగునా?" అని నేరుగా నడుగవచ్చును, సంతకము గూడ నక్కరలేదు, ఆ పేర్లుగల పనులు చేయువాడైన చాలును. రస్ట్ వారు దీనిని బుద్ధిపూర్వకముగా విడిచిరి. ప్రతి వస్తువు చరిత్రయు ప్రోగ్రాములో మోయుట బరువు. ఎవరికి కావలెనో వారే మోయుదురు గాక యని వారి వాదము. ఇనుపకొట్టువాడు పప్పుల ధరల పట్టికను మోయనక్కరలేదు గదా.

రస్టులో నున్నది "ఎనీ" అను ట్రెయిట్. ప్రతి రకమునకును ఒక గుర్తు సంఖ్య యుండును. దానిని చూచి "నీవు సరిగా ఫలానా రకమువే యగుదువా?" అని యడుగవచ్చును, అవునన్న, మఱుగుపడిన రూపము తిరిగి చేతికి వచ్చును. ఆ సంఖ్యలను ఆవర్జాలో వ్రాసి దాచుకొనరాదు. కంపైలరు కూర్పు మారిన నవియు మారవచ్చును. ఇది సరే. కాని సోదరులారా, ప్రశ్నను మరల వినుడు: "నీవు ఫలానా వాడవా?" ఇది ఆ నగరపు సంస్థవారి ప్రశ్నయే! ఇంటిపేరు విడిచి వచ్చితిమనుకొన్నవారము చుట్టు తిరిగి ఇంటిపేరు వద్దకే వచ్చితిమి. "నీకు బొమ్మ వేయుట చేతనగునా?" అని యడుగుటకు ఎనీ యొక్కటి చాలదు.

ఇక్కడ గోదాములో నాలుగు రాత్రులు వాదము జరిగినది. రెండు పక్షములు.

మా మేనకోడలి పక్షము: వస్తువులకు బయట నొక రిజిస్టరు పెట్టవలెను. ఏ రకము ఏ పట్టికపై సంతకము చేసెనో ముందుగా నందు నమోదు చేయించి, కావలసినప్పుడు గుర్తు సంఖ్యతో వెదకి తగిన చీటీ తీసికొనవలెను. ఇది పెద్ద పద్ధతి. 2020 ఆగస్టులో వెలువడిన బెవీ అను ఆటల యంత్రాంగము ఇట్లే నడచుచున్నది. అచట వందలకొలది రకములు దస్త్రములనుండి పేర్లతో వచ్చుచుండును గనుక వేఱు దారి లేదు. ఇందలి ప్రమాదము: నమోదు మఱచిపోయినచో ఎవరును అరవరు. పని చేతనైనవాడే, రిజిస్టరులో పేరు లేని కారణమున చేతగానివానిగా లెక్కింపబడును. రేషను కార్డు సంగతి మీకు తెలియనిది గాదు.

మా తమ్ముని కుమారుని పక్షము: వస్తువునే యడుగుము. పరికరము పట్టికలో నాలుగు చిన్న ప్రశ్నలు చేర్చుము - "బొమ్మ వేయువాని చీటీ నీ వద్ద నున్నదా?" ఇత్యాదులు. ప్రతిదానికిని ముందుగనే "లేదు" అను జవాబు వ్రాసియుంచుము. చేతనైనవాడు మాత్రము ఆ జవాబును మార్చి, "ఇదిగో" యని తన చీటీ నందించును. చేతకానివాడు ఒక్క యక్షరమైనను వ్రాయనక్కరలేదు, అబద్ధమాడనక్కరలేదు. ఇది క్రొత్తది కాదని యతడే చెప్పెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సులో ప్రతి దస్త్రమునకును పనుల పట్టిక యొకటి యుండును: చదువుట, వ్రాయుట, తెరచుట. చేతకాని పని గడి ఖాళీగా నుండును. చదువు గడులు ఖాళీయైనచో కెర్నెలు "ఈ కోరిక చెల్లదు" అని త్రిప్పి పంపును. అది సీ భాషలో చేతితో వ్రాసిన వీటేబులే. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 కూర్పునుండి ఆ కెర్నెలులో రస్టునకును చోటిచ్చిరి. అటులనే 1993లో మైక్రోసాఫ్ట్ వారు వెలువరించిన కామ్ పద్ధతిలో ప్రతి వస్తువును "క్వెరీ ఇంటర్‌ఫేస్" అను ప్రశ్నకు జవాబు చెప్పితీరవలెను. 128 బిట్ల సంఖ్యతో నొక పట్టికను పేర్కొని యడిగిన, ఉన్నచో చీటీ యిచ్చును, లేనిచో లేదనును. అందు పట్టికల సంఖ్యకు మితి లేదు. మావాని పద్ధతిలో నాలుగే. ఐదవది కావలెనన్నచో పరికరము పట్టికను తెరచి మార్చవలెను. అయినను ముందే "లేదు" అను జవాబుండుటచేత పాత డ్రైవరులను మార్చనక్కరలేదు.

మేము రెండవ పక్షమున నిలిచితిమి. నాలుగు పనులకు రిజిస్టరు పెట్టుట, నాలుగు బస్తాలకు గిడ్డంగి కట్టుటయే. మా మేనకోడలు నేటికిని సమాధానపడలేదు. నలుబది పనులైన నాడు తన మాట నిలుచుననుచున్నది. అది నిజమే, ఆ నాడు చూతము.

ఈ చర్చలో నొక చిన్న దెబ్బ తగిలినది. అచ్చువేయు పనిని, ఏ రకపు వస్తువిచ్చినను పుచ్చుకొనునట్లు, కుఱ్ఱవాడొకడు వ్రాసెను. కంపైలరు దానిని డిన్ చీటీకి ఒప్పుకొనలేదు. కారణము సరళమే: చీటీ పట్టికలో నొక్కొక్క పనికి నొక్కొక్క గడి; ఏ రకమునైనను పుచ్చుకొను పనికి ఎన్ని నకళ్ళు కావలెనో ముందు తెలియదు, కావున నెన్ని గడులు కావలెనో తెలియదు. దీనిని పూర్వము "ఆబ్జెక్ట్ సేఫ్టీ" అనుచుండిరి. 2024నుండి "డిన్ కంపాటిబిలిటీ" అని పేరు మార్చిరి. చివరకు ఉత్త వాక్యమును మాత్రమే పుచ్చుకొనునట్లు సరిచేసిరి. మఱొక సౌకర్యము వారికి కలిసివచ్చినది. బొమ్మ వేయువాని చీటీ చేతనుండగా, దానినుండి పరికరము చీటీ పొందుటకు పూర్వము వేఱుగా నొక చిన్న పని వ్రాసికొనవలసియుండెను. 2025 ఏప్రిల్ 3వ తేదీన వచ్చిన రస్ట్ 1.86 కూర్పునుండి అది భాషలోనే చేరినది. కొన్ని వరుసలు కొట్టివేసిరి. అదే సంవత్సరము జూనులో సీ ప్లస్ ప్లస్ కమిటీవారు సోఫియా నగరమున కూడి, తరువాతి కూర్పునకు రిఫ్లెక్షన్‌ను అంగీకరించిరని పిల్లలు చెప్పిరి. అయితే అది ప్రోగ్రాము తయారగునప్పటి విచారణ, నడుచునప్పటిది కాదు.

ఇక ప్రశ్న నెప్పుడడుగవలెను? మా దృష్టిలో ప్రోగ్రామునకు ప్రాణము ఇక్కడ నున్నది. మొదట ప్రతి వరుస అచ్చువేయుటకు ముందు "బొమ్మ వేయగలవా?" అని యడుగుచుండిరి. తడవు పెద్దగా లేకున్నను, ప్రోగ్రాములో నెచ్చట చూచినను ఆ ప్రశ్నయే. తూనికల యధికారి వచ్చి కాటాను పరీక్షించి ముద్ర వేసిపోవును, తరువాత ప్రతి తూకము వద్దను నిలువబడి "ఇది సరియైన కాటాయేనా?" అని యడుగుచుండడు గదా! అట్లే, ప్రింటరు తగిలించిన క్షణమున గుమ్మములోనే నాలుగు ప్రశ్నలను నడిగి, జవాబులను వ్రాసికొని, తెలుగు బిల్లు పనికి బొమ్మ చీటీ గలవానినే పంపవలెనని నిర్ణయించిరి. లోపలి భాగము పరికరము చీటీని పుచ్చుకొననే పుచ్చుకొనదు. బొమ్మ వేయువాని చీటీనే కోరును. చేతకానివాడు లోనికి పోవుటకు వీలే లేదు. పొరబాటున పంపిన కంపైలరే యాపును. బొమ్మ వేయువాడు దొరకనిచో గుమ్మమువద్దనే "ఈ ప్రింటరుపై తెలుగు రాదు" అని తెరపై స్పష్టముగా చెప్పును. ప్రశ్నార్థకములు మాత్రము వేయదు. తెలియని సంగతిని తెలిసినట్లు నటించు ప్రశ్నార్థకముకంటె, రాదని చెప్పు మాట గౌరవమైనది.

ఒక నిజము దాచరాదు. ప్రింటరు తనంతట తాను కంప్యూటరునకు చెప్పునదేమి? యూఎస్‌బీ తీగపై అది తెలుపునది తయారీదారు సంఖ్య, సరకు సంఖ్య, తరగతి సంఖ్య. ప్రింటర్ల తరగతి 7. అనగా బయటి యంత్రము చెప్పునది ఇంటిపేరే! బొమ్మ వేయగలనని, కోయగలనని, 576 చుక్కలని అది యక్కడ చెప్పదు. కావున ఇంటిపేరును పూర్తిగా తరిమివేయుట మన చేతిలో లేదు. చేయగలిగిన దొక్కటి: దాని నొక్క చోటనే యుంచుట. ఫలానా సంఖ్యలకు ఫలానా డ్రైవరు అను జాబితా వేఱొక దస్త్రమున నున్నది. దానిని అంగడివాడే తెరచి ఒక వరుస చేర్చవచ్చును. ఆ గుమ్మము దాటిన పిమ్మట కంపెనీ పేరు ప్రోగ్రాములో మఱెక్కడను వినబడదు. నగరపు సంస్థవారి ప్రోగ్రాములో ఆ పేరు వంటింటివఱకు వచ్చి కూర్చుండెను. అదియే వారికిని మనకును గల భేదము.

మఱియొక సంగతి. సంతకము చేసినవాడు పని నిజముగా చేయునా యన్నది కంపైలరు చూడదు. పని పేరు, పుచ్చుకొనునది, ఇచ్చునది సరిపోయిన చాలును దానికి. ఒక చవుక ప్రింటరు బొమ్మ వేయుదునని డ్రైవరు ద్వారా చెప్పి, 576 చుక్కల బొమ్మ పంపగా కుడిప్రక్క మూడవ వంతు మ్రింగివేసినది. చూడగా నది 384 చుక్కలది. అందుచేత వెడల్పు చెప్పుటను గూడ బొమ్మ వేయువాని పట్టికలో చేర్చిరి. తగిలించిన మొదటి సారి "లక్ష్మి" అను పేరును, ఆ క్రింద అంచు లంటు గీత నొకదానిని అచ్చువేసి అంగడివానికి చూపుదురు. అతడు సరి యన్న తరువాతనే బిల్లులు.

ఇప్పుడు మూడంగళ్ళలో నీ ప్రోగ్రాము నడుచుచున్నది. తెలుగు, తమిళము, కన్నడము - ఏ ఖాతాదారునకు ఏ లిపి కావలెనో ఖాతాలోనే వ్రాసియుందురు. కాటానుండి బరువు నేరుగా బిల్లులోనికి తెచ్చు పని సగములో నున్నది; కాటాలు సంఖ్యలను పంపు తీరులు పలువిధములుగా నున్నందున ఆలస్యమగుచున్నది. నాలుగవ యంగడివారు పాత ప్రింటరునే బాగుచేయించుకొని, ఇంకను నగరపు ప్రోగ్రాముతోనే యున్నారు. వారి యిష్టము.

పరీక్షకు మాకు ప్రింటర్లు చాలుటలేదు. పాతవైనను, కత్తి విరిగినవైనను ఇంటిలో పడియున్నచో ఆదివారము సాయంకాలము మా గోదామునకు తెప్పింపుడు. రెండు వారములలో తిరిగి యంపెదము. తేలేనివారు, ప్రింటరు అడుగున నతికించిన చీటీపై గల మోడలు పేరును, కాగితపు చుట్ట వెడల్పును వ్రాసి సంఘము కార్యాలయమున నిచ్చినను చాలును. కాటాలు గలవారు వెనుక ప్రక్క తీగ తగిలించు రంధ్రమెట్టిదో చూచి, దానిని గూడ వ్రాయవలయును.